సికింద్రాబాద్ పచ్చిక: గడ్డి ఎంపిక, విత్తే తీరు

ఇంటి ముంగిట్లో, పార్కులో, ఆటస్థలంలో ఒకే ఎత్తున కత్తిరిస్తూ పెంచే గడ్డి పరుపు పచ్చిక. వాడుకలో లాన్. సికింద్రాబాద్ నేలకూ ఎండకూ నీటి వసతికీ నప్పే గడ్డిని ఎంచుకోవడం, దాన్ని విత్తి నిలబెట్టడం ఈ వ్యాసంలోని విషయం. కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు లాన్ కావాలని నర్సరీకి వెళితే సాధారణంగా ముందు చూపించేది విత్తనం కాదు, చాపలా చుట్టిపెట్టిన గడ్డి కార్పెట్. పొద్దున పరిస్తే సాయంత్రానికల్లా పచ్చగా కనిపిస్తుంది కాబట్టి గిరాకీ దానికే. విత్తనానికి రెండు నెలల ఓపిక కావాలి. ఆ ఓపిక ఉన్నవారికి ఖర్చు తగ్గుతుంది, గడ్డి మొదటి రోజు నుంచీ ఆ నేలలోనే వేరూనుతుంది, పరాయి మట్టితో పాటు వచ్చే తుంగ బెడద ఉండదు. అయితే విత్తనం చల్లి పెంచగల గడ్డి ఇక్కడ ఆచరణలో ఒక్కటే. అది గరిక.

కంటోన్మెంటు కాలం

మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన సికింద్రాబాద్, బ్రిటిష్ సైన్యం విడిదిగా మొదలైన ఊరు. బొల్లారం, తిరుమలగిరి, పికెట్, మారేడ్‌పల్లి వైపు వెలసిన బంగళాలకు చుట్టూ విశాలమైన ఆవరణ, వరండా ముందు గడ్డి, దాన్ని చూసుకోవడానికి ఒక మాలి ఉండేవారు. బొల్లారంలో 1860లో కట్టిన రెసిడెన్సీ భవనం ఇప్పుడు రాష్ట్రపతి నిలయం. సుమారు 90 ఎకరాల ఆ ఆవరణలోకి 2023 మార్చి నుంచి ఏడాది పొడుగునా సందర్శకులను అనుమతిస్తున్నారు. పాత కంటోన్మెంటు తోటల తీరు ఎలా ఉండేదో చూడాలనుకునేవారికి నగరంలో అంతకంటే మంచి చోటు లేదు. పరేడ్ గ్రౌండ్, జింఖానా మైదానం, బైసన్ పోలో మైదానం కూడా ఆ సైనిక జీవితంలో పుట్టిన పచ్చిక బయళ్లే. బైసన్ పోలో స్థలంలో కొత్త సచివాలయం కట్టాలన్న ప్రతిపాదన 2017లో వచ్చినప్పుడు నగరవాసులు గట్టిగా అడ్డు చెప్పారు. ఊరి నడుమ అంత గడ్డి నేల మళ్లీ దొరకదన్న బెంగ ఆ అభ్యంతరాల్లో ఒకటి.

ఇంగ్లండులో గడ్డి కోసే యంత్రాన్ని ఎడ్విన్ బడ్డింగ్ 1830లో తయారు చేశాడు. ఉన్ని గుడ్డ మీది నూగును కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి అతనికి ఆ ఆలోచన వచ్చింది. అంతకు ముందు లాన్ ఉండాలంటే కొడవళ్లు పట్టే మనుషులో, మేసే గొర్రెలో కావాలి. మన కంటోన్మెంట్లలో గడ్డికి మరో పని కూడా ఉండేది. గుర్రపు దళాల వెంట గడ్డి కోసేవాళ్లు ఉండేవారు. వాళ్లు చిన్న ఖుర్పీతో గరికను వేళ్లతో సహా గీరి, మట్టి దులిపి గుర్రాలకు మేతగా వేసేవారు. అంటే దొరల బంగళా ముందు పరుపుగా పరచుకున్నదీ, వాళ్ల గుర్రాలు తిన్నదీ ఒకే గడ్డి.

ఇంగ్లండు గడ్డి ఇక్కడ ఎందుకు నిలవలేదన్నదానికి జవాబు ఆకు లోపల ఉంది. రై గడ్డి, ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్ వంటి చలిదేశపు గడ్డి జాతులు 15 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతాయి. ఎండ ముదిరితే వాటి ఆకులు తాము తయారు చేసుకున్న ఆహారంలో పెద్ద వాటాను తామే దండగ చేసుకుంటాయి. గరిక అలా కాదు. జొన్న, మొక్కజొన్న, చెరకుల మాదిరిగా అది బొగ్గుపులుసు వాయువును ముందుగా ఒకచోట కూడబెట్టి తర్వాత వాడుకుంటుంది. అందుకే 27 నుంచి 35 డిగ్రీల వేడిలో దానికి మంచి ఊపు వస్తుంది. మే నెలలో సగటు పగటి వేడి 39 డిగ్రీలు ఉండే ఊళ్లో ఏది నిలబడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చేటప్పుడు అక్కడి గడ్డి గింజల ప్యాకెట్టును పెట్టెలో వేసుకొచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ఆరోగ్య ధ్రువపత్రం లేని విత్తనాన్ని దేశంలోకి తేకూడదు. తెచ్చినా న్యూజెర్సీ బ్లూగ్రాస్ సికింద్రాబాద్ ఏప్రిల్‌ను దాటదు. డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, అర్వింగ్‌లలో మనవాళ్ల ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించేది మాత్రం బెర్ముడా గడ్డి. అది మన గరికే. అక్కడి చలికి డిసెంబరులో గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది, ఇక్కడ పెరుగుదల మందగించడంతో సరిపెట్టుకుంటుంది.

గరిక

శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. సంస్కృతంలో దూర్వ, హిందీలో దూబ్, దక్కనీలో హరియాలీ. నగరంలో పాతతరం మాలీలు చాలామంది హరియాలీ అనే అంటారు. లిన్నేయస్ 1753లో దీన్ని మరో ప్రజాతి కింద వర్ణించగా, 1805లో పెర్సూన్ ఇప్పుడున్న పేరు పెట్టాడు. సైనోడాన్ అంటే కుక్కపన్ను, డాక్టిలాన్ అంటే వేలు. గరిక పూసినప్పుడు కాడ చివర నాలుగైదు కంకులు చేతివేళ్లలా విచ్చుకుంటాయి, పేరుకు కారణం అదే. తెలుగువారికి ఇది పూజాద్రవ్యం. వినాయక చవితి నాటి 21 పత్రాలలో దూర్వాయుగ్మం ఒకటి. గరికపాడు అని ఊళ్లకు, గరికపాటి అని ఇళ్లకు పేర్లున్నాయి. విలువ లేనిదాన్ని గరికపోచతో పోల్చే అలవాటు కూడా మన భాషలోనే ఉంది కానీ, ఆ పోచ వేరు మెత్తటి నేలలో మీటరు దాటి లోతుకు దిగుతుందని పొలం దున్నినవారికి తెలుసు.

గరిక రెండు దారుల్లో విస్తరిస్తుంది. నేల మీద పాకే తీగలు కణుపు కణుపుకూ వేళ్లు వేస్తాయి. నేల లోపల నడిచే కాడలు ఎండకు పైభాగం మాడిపోయినా బతికి ఉండి, ఒక్క వాన పడగానే మళ్లీ చిగురిస్తాయి. తొక్కుడుకు తట్టుకునే శక్తి దీనికి అందువల్లే వచ్చింది. పెళ్లి రిసెప్షన్లకు అద్దెకిచ్చే ఫంక్షన్ గార్డెన్లలో ఒక్క ముహూర్తానికి వేలమంది నడిచిన గడ్డి రెండు మూడు వారాల్లో తేరుకుంటుందంటే అది దాదాపుగా గరిక లాన్ అయి ఉంటుంది. దీని లోపం ఒకటే. నీడ పడదు. రోజుకు ఆరేడు గంటలు నేరుగా ఎండ తగలాలి. వేపచెట్టు కిందా, నిద్రగన్నేరు కిందా, ఎత్తైన అపార్టుమెంటుకు ఉత్తరం వైపునా గరిక సన్నగిల్లి, పొడుగ్గా సాగి, చివరికి మట్టి బయటపడుతుంది. అలాంటి చోట గరిక విత్తడం డబ్బు దండగ.

కార్పెట్ గడ్డి రకాలు

నర్సరీల్లో వినిపించే పేర్లు కొరియన్, మెక్సికన్, సెలక్షన్ వన్, బఫెలో. ఇవి వ్యాపారపు పేర్లు. ఒక నర్సరీలో మెక్సికన్ అన్నది మరో చోట ఇంకోటి కావచ్చు కాబట్టి పేరును నమ్మకుండా ఆకును చూసి కొనాలి. కొరియన్ పేరుతో అమ్మేవి జోయిసియా జాతులు. వీటి ఆకు సూదిలా సన్నగా, గుబురుగా ఉంటుంది, కాలికి మెత్తగా తగులుతుంది. చాలా నిదానంగా పెరుగుతాయి కనుక కోత పని తక్కువ, కాని ఒకసారి తొక్కి పాడు చేస్తే మళ్లీ పూడటానికి నెలలు పడుతుంది. పిల్లలు ఆడే ఇంటికి ఇది తగదు. కొన్నేళ్లకు దిబ్బలు దిబ్బలుగా ఉబ్బి, అడుగున ఎండుగడ్డి పేరుకుంటుంది. బఫెలో గడ్డి వెడల్పాటి ఆకుది, కొంత నీడను ఓర్చుకుంటుంది. అమెరికాలో దీన్నే సెయింట్ ఆగస్టీన్ అంటారు. దీని నుంచి మొలకెత్తే గింజ దొరకడం అరుదు, తీగ ముక్కలే నాటాలి.

గోల్ఫ్ మైదానాల్లో వాడే టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌వే రకాలు గరిక సంకరాలే. అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త వాటిని వెలుగులోకి తెచ్చాడు. మామూలు గరికకూ ఆఫ్రికా గరికకూ పుట్టిన ఈ సంకరాలకు గింజ పట్టదు. కంచరగాడిదకు పిల్లలు పుట్టనట్లే. కనుక ఎవరైనా టిఫ్‌డ్వార్ఫ్ విత్తనాలు ఇస్తామంటే ఆ ప్యాకెట్టులో ఉన్నది మరేదో.

కార్పెట్ గడ్డిలో కొంత నగర శివార్లలోని షామీర్‌పేట, మేడ్చల్ వైపు పెరుగుతుంది, కొంత గోదావరి జిల్లాల్లోని కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల్లో వస్తుంది. కడియం మట్టి జిగట ఒండ్రు, మన నేల గరుకు ఎర్రమట్టి. రెండు పొరలు కలవకపోతే నీరు మధ్యలోనే ఆగిపోయి, వేరు కిందికి దిగదు. కార్పెట్ వేసేవారు అడుగున అంగుళం మందాన ఇసుక కలిపిన ఎరువు పరచి, దించిన రోజే పరిచి, రోలర్ తిప్పించాలి.

విత్తనం కొనేటప్పుడు

గరిక గింజ గసగసాల గింజంత ఉంటుంది. కిలోకు సుమారు 40 లక్షలు తూగుతాయి. పొట్టుతో ఉన్నది, పొట్టు తీసినది అని రెండు రకాలు. పొట్టు ఉన్నది మొలకెత్తడానికి రెండు వారాల నుంచి నెల పడుతుంది, తీసినది వారం నుంచి రెండు వారాల్లో వస్తుంది. కొత్త లాన్‌కు పొట్టు తీసినదే మేలు, ప్యాకెట్టు మీద హల్డ్ అని రాసి ఉంటుంది. ఆకుపచ్చగానో నీలంగానో రంగు పూత వేసిన గింజలైతే బరువులో సగం దాకా పూతే ఉండవచ్చు. ధర పోల్చేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. ప్యాకెట్టు మీద పరీక్షించిన తేదీ, శుద్ధత శాతం, మొలక శాతం ఉన్నాయా అని చూడటం ధర చూడటం కంటే ముఖ్యం. రెండు వేసవులు దుకాణపు రేకుల కింద గడిపిన గింజ చాలావరకు చచ్చిపోయి ఉంటుంది.

రైతు వరి గింజను మండె కట్టి మొలక చూసుకున్నాకే నారుమడికి పోతాడు. ఇక్కడా అదే చేయాలి. తెల్ల పింగాణీ పళ్లెంలో తడిగుడ్డ పరిచి 100 గింజలు లెక్కపెట్టి చల్లి, వెలుతురు తగిలే కిటికీ దగ్గర పెట్టి, రెండు వారాలు తడి ఆరకుండా చూస్తే సంగతి తేలిపోతుంది. 80కి పైగా మొలిస్తే మంచి విత్తనం. 50 మొలిస్తే మోతాదు పెంచాలి. అంతకంటే తగ్గితే తిరిగి ఇచ్చేయడమే.

చదరపు మీటరుకు 5 నుంచి 8 గ్రాములు సరిపోతుంది. వంద గజాల లాన్ అంటే సుమారు 84 చదరపు మీటర్లు, కాబట్టి అర కిలో నుంచి ముప్పాతిక కిలో లోపు. అర కిలో చల్లితే అగ్గిపెట్టెంత జాగాలో 40 గింజల దాకా పడతాయి. తక్కువేమో అనిపించి రెండింతలు చల్లేవారున్నారు. అలా చేస్తే మొలకలు ఒకదాన్నొకటి నొక్కుకుని, వానాకాలపు తేమకు బూజు తెగులు తగిలి కుప్పగా కుళ్లిపోతాయి.

నేల సిద్ధం చేయడం

లాన్ పాడైందంటే తొంభై పాళ్లు తప్పు గడ్డిది కాదు, కింది నేలది. సికింద్రాబాద్ గ్రానైటు రాయి మీద కూర్చున్న ఊరు. పైన పలచటి ఎర్ర చల్క నేల, కింద మొరం, దాని కింద బండ. కొత్త ఇంటి ముంగిలి అయితే ఇంకా కష్టం. పునాది తవ్విన మొరం పైకి వచ్చి, మేస్త్రీలు కలిపిన సిమెంటు గట్టిపడి, టైల్సు ముక్కలు, ఇటుక పెళ్లలు, రంగుల డబ్బా మూతలు అన్నీ ఆ మట్టిలోనే కప్పబడి ఉంటాయి. పైన నాలుగు తట్టల ఎర్రమట్టి చల్లించి లాన్ వేస్తే ఆరు నెలలు బాగుంటుంది. తర్వాత గుండ్రంగా పసుపు మచ్చలు మొదలవుతాయి. ఆ మచ్చ కింద గునపం దింపి చూస్తే సిమెంటు పెచ్చు తగులుతుంది.

కనుక ముందు అడుగు లోతున తవ్వించి చెత్తంతా ఏరించాలి. మొరం గట్టిగా ఉంటే గడ్డపారతో పగలగొట్టి, నీరు దిగే దారి చేయాలి. ఆ తర్వాత కనీసం 15 సెంటీమీటర్ల మంచి మట్టి పోయాలి. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమం ఇక్కడ బాగా కుదురుతుంది. వంద గజాలకు సుమారు 12, 13 ఘనపు మీటర్లు, అంటే నాలుగైదు ట్రాక్టర్ ట్రాలీలు. నల్లరేగడి పోయించుకోవద్దు. అది వానకు బురదై, ఎండకు నెర్రెలిస్తుంది. చెరువు పూడిక మట్టి సారవంతమైనదే కాని, ఒక వంతుకు మించితే నీరు ఇంకదు. పచ్చి పేడ, గొర్రెల దొడ్డి ఎరువు అసలే వద్దు, వాటితో కలుపు గింజలు వస్తాయి.

వాలు ఇంటి గోడ నుంచి బయటికి, మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున ఉండాలి. ఇది చూడటానికి పొడుగాటి చెక్క, దాని మీద మేస్త్రీ రసమట్టం చాలు. నీరు నిలిచే గుంటలో గరిక కుళ్లడం ఒక నష్టం, దోమ పెరగడం మరో నష్టం. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది ఇక్కడికి దగ్గరలోని బేగంపేటలోనే. గుడ్డు నుంచి దోమ బయటికి రావడానికి వేసవి వేడిలో వారం పది రోజులు చాలు.

తుంగ సంగతి విడిగా చెప్పాలి. చూపుకు గడ్డిలాగే ఉంటుంది. కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలుగా తగిలితే అది తుంగ. నేల లోపల దాని గడ్డలు జపమాల పూసల్లా ఒకదానికొకటి తీగతో కలిసి ఉంటాయి. పైన పీకితే ఒక గడ్డ వస్తుంది, మిగతా నాలుగూ మొలుస్తాయి. లాన్ వేశాక తుంగను వదిలించుకోవడం ఏళ్ల తరబడి పని, వేయకముందు అయితే నెల పని. మట్టిని బాగా తడిపి రెండు మూడు వారాలు వదిలేస్తే లోపల ఉన్న తుంగ, పులిచింత, వయ్యారిభామ అన్నీ తల ఎత్తుతాయి. అప్పుడు పారతో లోతుగా తవ్వి గడ్డలతో సహా ఏరాలి. ఇలా రెండుసార్లు చేయాలి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టించడం వాడుకగా మారింది కానీ, 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని చీడ నివారణ నిర్వాహకులకే పరిమితం చేసింది. ఇంటివారు సొంతంగా కొట్టకూడదు.

మన ఎండను మందుగా వాడే దారి ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో తడిపిన మట్టి మీద పలుచటి పారదర్శక ప్లాస్టిక్ పట్టాను గాలి చొరకుండా పరచి, అంచులు మట్టితో కప్పి నాలుగైదు వారాలు ఉంచితే లోపలి వేడికి పైపొరలోని కలుపు గింజలూ బూజులూ చాలావరకు నశిస్తాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1980లలో కంది, శనగ పంటల కోసం ఈ పద్ధతిని పరిశీలించారు. తుంగ గడ్డలు మాత్రం దీనికి పూర్తిగా లొంగవు, చేతిపని తప్పదు. రోహిణి కార్తె ముగిసేసరికి పట్టా తీసి మట్టి చల్లారనిస్తే, విత్తే అదను సరిగ్గా అందుతుంది.

అదను

నగరంలో ఏటా కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. గరిక మొలవడానికి నేల వెచ్చగా, 20 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. ఈ రెండూ కలిసేది మృగశిర నుంచి పుష్యమి కార్తె దాకా, అంటే జూన్ రెండో వారం మొదలు జూలై చివరి వరకు. మృగశిరలో తొలకరి పడి మట్టి చల్లబడ్డాక, మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు ఖాళీ జాగాల్లో కనిపించే రోజులు అన్నిటికంటే అనువైనవి. నీటి వసతి బాగా ఉన్నవారు ఫిబ్రవరి రెండో సగంలో, మార్చిలో కూడా విత్తవచ్చు. అప్పుడు గాలివానకు గింజ కొట్టుకుపోయే భయం లేదు, కాని మే నెల దాకా తడి ఆపకూడదు. నవంబరు నుంచి జనవరి వరకు విత్తడం అనవసరం. రాత్రి చలికి గింజ మొలవక నేలలోనే నానుతూ ఉంటుంది.

విత్తే రోజు

గాలి లేని పొద్దుటి పూట ఎంచుకోవాలి. ముందురోజే నేల తడిపి, రోలర్ తిప్పి, పైన దంతెతో సన్నగా గీతలు పెట్టి ఉంచాలి. మట్టి ఎంత గట్టిగా ఉండాలంటే, దాని మీద నడిస్తే మడమ అచ్చు పడాలి కాని పాదం దిగబడకూడదు.

అర కిలో గింజలో ఐదు కిలోల పొడి ఇసుక కలపాలి. ఒట్టి గింజ చేతికి అందదు, ఎక్కడ పడిందో కంటికి కనిపించదు. ఇసుక కలిస్తే తడి ఎర్రమట్టి మీద తెల్లగా చారలు తెలుస్తాయి, వదిలేసిన జాగా బయటపడుతుంది. ఆ మిశ్రమాన్ని రెండు సమభాగాలు చేయాలి. ఒక భాగాన్ని తూర్పు పడమరలుగా నడుస్తూ, రెండో భాగాన్ని ఉత్తర దక్షిణాలుగా నడుస్తూ చల్లాలి. చేయి తిరిగిన మాలి చాటను ఎడమ చంకలో ఇరికించుకుని, కుడి చేతి గుప్పిట్లోంచి బొటనవేలు మీదుగా గింజను జారవిడుస్తాడు. మణికట్టు మాత్రమే కదులుతుంది, భుజం కదలదు. పప్పుధాన్యాలు వెదజల్లే రైతు చేయిలాగే ఉంటుంది ఆ కదలిక. అలవాటు లేనివారు మూతకు చిల్లులు పొడిచిన డబ్బాతో చల్లుకోవడం మేలు.

చల్లాక దంతెను బోర్లించి, దాని వీపుతో మట్టిని పైపైన కదపాలి. గింజ అర సెంటీమీటరు కంటే లోతుకు పోతే పైకి రాదు. దాని మీద జల్లెడ పట్టిన ఎరువూ ఇసుకా కలిపి రెండు మూడు మిల్లీమీటర్ల మందాన దులపాలి, వంద గజాలకు ఏడెనిమిది సిమెంటు సంచులు పడుతుంది. మళ్లీ ఒకసారి తేలిక రోలర్. చివరగా తడిపిన గోనెపట్టాలు పరిస్తే మూడు బాధలు తప్పుతాయి. జడివానకు గింజ మూలకు కొట్టుకుపోదు, చీమలు బారులు తీరి ఎత్తుకుపోవు, ఈ ఊళ్లో ఏ గోడ మీద చూసినా ఉండే పావురాలు దిగి ఏరుకోవు. వరిగడ్డి కప్పితే అందులోని వడ్లు మొలుస్తాయి, గోనె అయితే ఆ గొడవ లేదు. మొలక కనిపించిన రోజు సాయంత్రమే గోనె తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు గోనె అల్లికలోకి దూరి, తీసేటప్పుడు వేళ్లతో సహా వచ్చేస్తాయి.

మొదటి పది రోజులు రోజుకు మూడు నాలుగు సార్లు, సన్నటి జల్లుతో, నేల మీద నీరు పారకుండా తడపాలి. ఆరో రోజుకో ఏడో రోజుకో, ఎండ ఏటవాలుగా పడే వేళ మోకాళ్ల మీద వంగి చూస్తే ఎర్రమట్టి మీద పలుచటి ఆకుపచ్చ పొగలాంటిది కనిపిస్తుంది. నిలబడి చూస్తే ఏమీ ఉండదు. దగ్గరగా చూస్తే ఒక్కో మొలకా చుట్టచుట్టిన సూది మొన, దాని మీద ఆవగింజలో సగమంత నీటిబొట్టు. మూడు నాలుగు వారాలకు ప్రతి మొలకా పక్కకు మొదటి తీగను చాస్తుంది. అక్కడి నుంచి ఖాళీలు వాటంతట అవే పూడుతాయి. ఆలోగా ఎవరూ కాలు పెట్టకూడదు, కుక్కలను కూడా రానివ్వకూడదు.

విత్తనం లేకుండా గరికనే పెంచే దేశవాళీ పద్ధతి ఒకటి మన తోటపనిలో ఉంది. గరిక తీగలను రెండంగుళాల ముక్కలుగా తరిగి, పేడ, మట్టి, నీళ్లతో కలిపి ముద్ద చేసి, గోడకు పూత పూసినట్లు నేల మీద అంగుళం మందాన పూస్తారు. కణుపు కణుపుకూ మొలక వస్తుంది. వాలు ఎక్కువై గింజ నిలవని గట్ల మీద ఇది విత్తనం కంటే మంచి పద్ధతి. ఇంకా తీరిక ఉన్నవారు నాలుగైదు అంగుళాల ఎడంలో పిలకలు నాటుకోవచ్చు.

కోత, నీరు, ఎరువు

గడ్డి 5, 6 సెంటీమీటర్లు పెరిగాక మొదటి కోత. ఎప్పుడూ ఎత్తులో మూడో వంతుకు మించి కోయకూడదు. ఇంటి లాన్‌కు 3 నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తు చాలు. వానాకాలంలో వారానికోసారి కోయించకపోతే కింది ఆకులు పసుపెక్కి, కోశాక లాన్ అంతా గోధుమరంగు చాపలా కనిపిస్తుంది. యూరియా చదరపు మీటరుకు 10 గ్రాములు, లేత లాన్‌కు అందులో సగం, నెల దాటాకే, వేసిన వెంటనే నీళ్లు పెట్టాలి. లేకపోతే పడిన చోటల్లా మాడుతుంది.

నీటి లెక్క ఎవరికి వారు వేసుకుని లాన్ కొలత నిర్ణయించుకోవాలి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. కుదురుకున్న గరికకు వేసవిలో వారానికి 25 మిల్లీమీటర్లు ఇస్తే బతుకుతుంది. వంద గజాలకు అది 2,100 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు రెండు వారాలకు కాస్త పైన వస్తుంది. ఏప్రిల్ రాగానే బోర్లు అడుగంటి, వీధి చివర ట్యాంకరు కోసం బిందెలు వరుస కట్టే ఈ ఊళ్లో అయిదు వందల గజాల లాన్‌ను కొళాయి నీటితో పచ్చగా ఉంచడం నాకు సమంజసంగా తోచదు. వంట, స్నానాల నీటిని శుద్ధి చేసే ప్లాంటు ఉన్న అపార్టుమెంట్లు ఆ నీటినే వాడుతున్నాయి, అది సరైన దారి. ప్లాంటు లేనివారు లాన్‌ను ముప్పై నలభై గజాలకు కుదించి, మిగతా జాగాను మొక్కలకూ వాననీటి ఇంకుడు గుంతకూ వదలాలి. గరికకు రోజూ కాసిని నీళ్లు చల్లడం కంటే వారానికి రెండుసార్లు నిండుగా పెట్టడం మంచిది, వేరు లోతుకు వెతుక్కుంటూ పోతుంది. మే నెలలో కొంత పసుపెక్కినా కంగారు పడనక్కర్లేదు. తొలకరికి అది తిరిగి వస్తుంది.

చెదలు, వేరుపురుగు అప్పుడప్పుడు తగులుతాయి. గడ్డిని పట్టి లాగితే కార్పెట్‌లా ఊడి వస్తే కింద తెల్లటి వేరుపురుగు ఉన్నట్లు. నేల సిద్ధం చేసేటప్పుడే వేపపిండి కలిపితే కొంత అదుపులో ఉంటుంది.

పాత బంగళాలు ఒక్కొక్కటే అపార్టుమెంట్లుగా మారుతున్నకొద్దీ ఈ ఊరి లాన్లు నేల మీది నుంచి స్లాబు మీదికి ఎక్కుతున్నాయి. సెల్లారు పైకప్పు మీద గరిక పెరగాలంటే నీరు కారని పూత, దాని మీద నీరు పారే పొర, ఆపైన కనీసం అడుగు మట్టి కావాలి. తడిసిన మట్టి బరువును ముందే లెక్కగట్టి స్లాబు వేయించి ఉండాలి. కట్టేశాక ఆలోచిస్తే కుదిరే పని కాదు. నాలుగు పక్కలా బ్లాకులు లేచి ఎండ చొరని నడిమి ఆవరణలో గరికను విత్తకుండా, బఫెలో గడ్డినో, పసుపు పూలు పూసే వేరుశనగ దాయాది అరాకిస్‌నో పరచుకుంటే నిలుస్తుంది.

జూన్ మధ్యలో మంచి నేలలో విత్తిన గరిక ఆగస్టు చివరికి నేలను కప్పేస్తుంది. వినాయక చవితి ఆగస్టు ఆఖర్లోనో సెప్టెంబరులోనో వస్తుంది కాబట్టి, గడ్డి కోయించేటప్పుడు ప్రహరీ వెంట ఒక మూరెడు వెడల్పున కోయకుండా వదిలేయమని మాలికి ముందే చెప్పే ఇళ్లున్నాయి. కత్తిరించిన గరికకు చివర మొగ్గ ఉండదు, పూజకు పనికిరాదు. చవితి పొద్దున మోండా మార్కెట్‌లో పత్రి కట్టలు కొనేవారు ఉన్నట్లే, ఇంట్లో ఆ వదిలేసిన అంచు దగ్గర పిల్లలను కూర్చోబెట్టి రెండేసి పోచల గరికను గిల్లించే పెద్దవాళ్లు కనిపిస్తారు. కలుపుమందు కొట్టిన ఏడాది మాత్రం ఆ అంచును ముట్టుకోనివ్వరు.